ఆదోనికి పోతే మూడు పనులు: అమ్మకం, ఉగ్గాని, అంగడి



పత్తి బండి కట్టుకుని ఆదోనికి పోతే మా నాయనకు మూడు పనులుండేవి. సరుకు అమ్మడం, ఉగ్గాని బజ్జీ తినడం, ఇంటికి కావాల్సినవి కొనుక్కుని రావడం. మనం ఇప్పుడు ఆటోలో పోయినా అవే మూడు పనులు.

స్పెయిన్ దేశంలో హారో అని ఒక ఊరుంది. వైన్ ఊరు. జనం యాడెంత దూరం నుంచో వచ్చి, వైన్ రుచి చూసి, తిని, సీసాలు కొనుక్కుని పోతారు. ఆ ఊరికి 1863లో రైలొచ్చింది. ఆ కాలంలోనే ఫ్రాన్సు ద్రాక్ష తోటలను ఫిలోక్సెరా అనే పురుగు వేర్లకు పట్టి నాశనం చేసింది. అక్కడి వ్యాపారులు వైన్ కోసం హారో దిక్కు వచ్చినారు. స్టేషన్ పక్కనే వైన్ కంపెనీలు లేచినాయి. 1877లో, 1879లో పెట్టినవి ఇప్పటికీ నడుస్తున్నాయి.

మన ఆదోని కథ కూడా దాదాపు ఇదే.

ఆదోని మొదట కోట ఊరు. విజయనగర రాజులు, బీజాపూర్ సుల్తానులు ఏలినారు. 1688లో ఔరంగజేబు సైన్యం పట్టుకుంది. తర్వాత నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు అయింది. 1786లో టిప్పు సుల్తాన్ గెలిచినాడు. 1800లో నిజాం ఈ సీమనంతా ఇంగ్లీషోళ్లకు రాసిచ్చినాడు. దాంతో కోట పని అయిపోయింది, సంత పని మొదలైంది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడినాయి. 1871లో మద్రాసు నుంచి వచ్చే రైలు దారి రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ఆ దారి మీదనే ఆదోని ఉంది. మన నల్లరేగడి పత్తి అటు మద్రాసుకూ, ఇటు బొంబాయికీ రైలెక్కింది. జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, వాటి వెనకాలే బట్టల అంగళ్లు, బంగారు అంగళ్లు వచ్చినాయి. రెండో బొంబాయి అనే పేరొచ్చింది. ఆ అంగళ్లన్నీ మన పత్తి మీద, శెనక్కాయ మీద లేచినవే.

రుచి చూడడం ఆదోనిలోనూ ఉంది. వ్యాపారి గుప్పెడు పత్తి తీసి, రెండు చేతుల వేళ్ల మధ్య పట్టి లాగి, పింజ పొడుగు, బలం చూస్తాడు. పిడికిట్లో నొక్కి తేమ చూస్తాడు. శెనక్కాయ అయితే ఒలిచి నోట్లో వేసుకుంటాడు. తేడా ఒక్కటే. హారోలో సరుకు చేసినోడు ధర చెప్తాడు, రుచి చూసినోడు డబ్బు ఇస్తాడు. మన కాడ రుచి చూసినోడే ధర చెప్తాడు. ఎందుకంటే వాళ్ల ఊరి నుంచి పోయేది సీసా, మన ఊరి నుంచి పోయేది పచ్చి సరుకు.

ద్రాక్ష రైతులు కూడా ఒంటరిగా ఉంటే పండు అమ్ముకునేటోళ్లే. అందుకే ఆ సీమలో చానామంది సహకార సంఘాలు కట్టుకుని తామే వైన్ చేసుకున్నారు. ఇట్లాంటి పని మన పక్కనే జరిగింది. 1938లో ఎమ్మిగనూరులో పద్మశ్రీ మాచాని సోమప్ప గారు నేతగాళ్ల సహకార సంఘం పెట్టినారు. నేసేది వాళ్లే, అమ్మేది వాళ్ల సంఘమే. జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతరకు ఎద్దుల కోసం పోయిన మా పెద్దోళ్లు ఎమ్మిగనూరు దుప్పటి కూడా భుజాన వేసుకుని వచ్చేటోళ్లు. మరమగ్గాలు వచ్చినాక చేతి మగ్గాలు తగ్గినాయి. కానీ ఆ పాఠం మాత్రం పాతది కాలేదు.

సంఘం కట్టేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మన సరుకు రుచి మనమే ముందు చూసుకోవాల. మంచు ఆరకముందు పత్తి ఏరొద్దు. మొదటి ఏరుడు, చివరి ఏరుడు కలపొద్దు. తేమ 8 శాతం లోపల ఉంటే సీసీఐ మద్దతు ధరలో కోత పెట్టదు. 12 శాతం దాటితే అసలు తీసుకోదు. ఇంట్లో ఆరబెట్టి, పింజ లాగి చూసుకుని పోతే బేరం కాడ నోరు లేస్తుంది.

అమ్మకం అయినాక ఉగ్గాని తినండి. బొరుగులు నానబెట్టి, పిండి, పప్పుల పొడి చల్లి ఇచ్చే ఆ అక్కతో మనం ఎప్పుడన్నా బేరమాడినామా? చేసిన మనిషి చెప్పిన ధరకే తింటాం. మన పత్తికి ఆ రోజు ఎప్పుడొస్తాదో ఆలోచించండి.