రేపు రాత్రి ఆట

నాటక చరిత్ర రాసేవాళ్ళు నాటకాన్ని దాస్తారు. నాటకం జరగబోతోందని చెప్పిన కాగితాన్ని ఎవరూ దాయరు. నా పాత ట్రంకుపెట్టె అడుగున కొన్ని కరపత్రాలున్నాయి. గులాబీ రంగువి, పసుపు రంగువి, మడతల దగ్గర చిరిగిపోయినవి. బడిపంతులు ఉద్యోగంలో ఊళ్ళు మారినప్పుడల్లా అవీ నాతో మారాయి. ఎందుకు దాచానో చాలాకాలం నాకే తెలీదు. ఈ మధ్య వాటిని వరసగా పరచుకుని చదివితే, నాటక సాహిత్య చరిత్రల్లో కనపడని విషయమొకటి కనపడింది. రేపు మన ఊళ్ళో ఆట ఉందన్న కబురు ఎవరు చెప్పారు, ఎవరి ఖర్చుతో చెప్పారు, ఎవరి అనుమతితో చెప్పారు, ఎవరికి చెప్పలేదు? కళకూ సమాజానికీ ఉన్న సంబంధం గురించి మనం చాలా సిద్ధాంత చర్చలు చేశాం. ఆ సంబంధం ఒక సాయంత్రం పూట వీధిలో ఎలా నడిచేదో చూడటం కూడా అవసరమే.

కాగితం కంటే ముందు డప్పు. కృష్ణా డెల్టాలోని మా పల్లెలో ఏ కబురైనా మాదిగపేట నుంచి ఒక పెద్దాయన డప్పు వేసుకుని బయలుదేరితేనే ఊరికి తెలిసేది. శిస్తు కట్టమన్నా, కాలవకు నీళ్ళొదులుతున్నారన్నా, రామాలయం దగ్గర బుర్రకథ అన్నా అదే మనిషి, అదే డప్పు. వీధి మలుపులో ఆగి, నాలుగు దెబ్బలు కొట్టి, ఊపిరి బిగబట్టి కబురు చెప్పి, మళ్ళీ నాలుగు దెబ్బలు కొట్టి కదిలేవాడు. ఊరందర్నీ పిలిచిన ఆ మనిషి, రాత్రి ఆట మొదలయ్యేసరికి పందిరికి దూరంగా చెరువుగట్టు మీద కూచునేవాడు. నాకప్పటికి ఎనిమిదేళ్ళు. “పిలిచినాయన అక్కడెందుకు కూచున్నాడే” అని మా నాయనమ్మనడిగితే, “నోరు మూసుకుని ఆట చూడరా” అంది. ఆ రాత్రి ఏ కథ చెప్పారో నాకు గుర్తులేదు. గట్టు మీద ఆయన బీడీ నిప్పు గుర్తుంది.

చాటింపు పాతది కనక భూస్వామ్యానిదనీ, కరపత్రం అచ్చుయంత్రంలోంచి వచ్చింది కనక ప్రజాస్వామ్యానిదనీ అనుకోవడం తేలిక. చరిత్ర అంత తేలికగా లేదు.

1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్ళింది. వాళ్ళు వదిలి వెళ్ళిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. 1886లో బళ్ళారిలో ధర్మవరం కృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టారు. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ‘కన్యాశుల్కం’ ప్రదర్శించింది. తెలుగు నాటకానికి ఇవి గొప్ప రోజులు, సందేహం లేదు. కానీ ఆ సమాజాల పేర్లు చూడండి, సభలు. సభ అంటే సభ్యులుంటారు. నూటికి పదిమందికైనా చదువు రాని ఆ కాలంలో అచ్చయిన ప్రకటన తనంతట తానే ప్రేక్షకుల్ని ఏరి పెట్టింది. డప్పు చప్పుడు గట్టు మీది మనిషికీ వినపడుతుంది. కాగితం చదవగలిగినవాడితోనే మాట్లాడుతుంది. డబ్బుకు అమ్ముడుపోయిన ఆడపిల్లల గోడు కథావస్తువైన నాటకానికి, అలాంటి పిల్లల్ని కన్న తల్లులకు కబురు ఎవరు పంపారు?

బ్రతుకుతెరువు కోసం ఆడినవాళ్ళ చాటింపు వేరుగా ఉండేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన కుటుంబ నాటకానికి టిక్కెట్టు తెగితేనే పొయ్యి వెలుగుతుంది. అందుకని వాళ్ళకు చదువుకున్నవాడూ కావాలి, చదువు రానివాడూ కావాలి. నా చిన్నతనంలో వాళ్ళు డేరా వేస్తే, బండికి రెండువైపులా బొమ్మల తడికెలు కట్టి, బాజా వాయిస్తూ, కాగితాలు గాల్లోకి విసురుతూ తిరిగేవాళ్ళు. వెనక పరుగెత్తిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. మాయలూ మంత్రాలూ తప్ప ఆ నాటకాల్లో ఏముందని మనవాళ్ళు కొట్టిపారేశారు. ఆ మాట నేనూ ఒకప్పుడు రాశాను. ఇప్పుడైతే రాయను. ఆడవేషం ఆడమనిషే వేసిన రంగస్థలం అది. నేలటిక్కెట్టులో కులం అడగని డేరా అది. అంతమాత్రాన విప్లవం వచ్చిందని కాదు. టిక్కెట్టు పైసలకు అంటు లేదు, అంతే.

నా దగ్గరున్న వాటిలో ఎక్కువ పద్యనాటకాల కరపత్రాలు. చదవడం తెలిస్తే ఇవి జమాఖర్చుల పుస్తకాలు. పైన దేవుడి బొమ్మ, కింద ఉత్సవం పేరు, ఆ తర్వాత చందాలిచ్చిన పెద్దల పేర్లు. ఎవరి పొలం ఎంతుందో వారి అక్షరాలంత లావు. నటులు ఆ తర్వాతే. ‘పాండవోద్యోగ విజయాలు’ ఒకటే రాత్రి, కృష్ణుళ్ళు ఇద్దరు ముగ్గురు. 1వ కృష్ణుడు ఫలానా, 2వ కృష్ణుడు ఫలానా అని అంకె వేసి మరీ అచ్చువేసేవారు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి వారి పేరుంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకు వచ్చేవారు. వాళ్ళ గొంతులు నిజంగానే గొప్పవి. కాంట్రాక్టరు మాత్రం నాటకాన్ని అమ్మలేదు, పేర్లను అమ్మాడు. హార్మోనియం వాయించే మనిషి పేరు చిన్న అక్షరాల్లో అడుగున ఉంటుంది. తెర లాగే మనిషి, పెట్రోమాక్సు లైట్లకు గాలికొట్టే మనిషి పేర్లు ఏ కాగితం మీదా లేవు. డప్పు కొట్టిన మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

ప్రతి కరపత్రం వెనకా కనపడని కాగితం ఇంకొకటి ఉంటుంది, అనుమతి. దీని పుట్టుక కలకత్తాలో. వేల్సు యువరాజు 1875-76లో మనదేశం వచ్చినప్పుడు, ఒక వకీలు ఆయనను తన ఇంటి అంతఃపురంలోకి పిలిచి ఆడవాళ్ళచేత స్వాగతం చెప్పించాడు. గ్రేట్ నేషనల్ థియేటరు వాళ్ళు ఆ వకీలును వెక్కిరిస్తూ ప్రహసనం ఆడారు. 1876 ఫిబ్రవరిలో వైస్రాయి నార్త్‌బ్రూక్ ఆర్డినెన్సు తెచ్చాడు. ఆ ఏడు డిసెంబరుకు అది నాటక ప్రదర్శనల చట్టమైంది. ఆ చట్టంలో మనం గమనించదగ్గది ఒక్క మాట. ఆడుతున్న నాటకాన్నే కాదు, ఆడబోయే నాటకాన్ని కూడా నిషేధించవచ్చు. అంటే కరపత్రం మీది ‘రేపు’ అన్న మాటనే ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. దామరాజు పుండరీకాక్షుడి ‘పాంచాల పరాభవం’ వంటి నాటకాలు ప్రభుత్వ నిషేధానికి గురయ్యాయి. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలని 53వ నంబరు గస్తీ శాసించింది. పాలకులు వేరు, భయం ఒకటే. జనం ఒకచోట చేరబోతున్నారన్న కబురే వాళ్ళను నిద్రపోనివ్వలేదు.

ఆ భయానికి కారణముందని 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి రుజువు చేసింది. డాక్టర్ గరికపాటి రాజారావు వంటి వారి కృషితో నాటకం పట్నం హాలు దాటి పల్లెకు నడిచింది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ చేతిలో తంబురా, పక్కన ఇద్దరు వంతలు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. తెరలు అక్కర్లేదు, కాంట్రాక్టరు అక్కర్లేదు. బుర్రకథకు ముగ్గురు మనుషులూ కాస్త ఖాళీ స్థలమూ చాలు. పాటే చాటింపైంది. కథ పేటలోనే చెప్పవచ్చు కనక పేట జనం గట్టు మీద కూచోవలసిన పనిలేకపోయింది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ తెలంగాణ రైతు పోరాటం నడుస్తుండగానే ఆంధ్ర పల్లెల్లో ఆడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మన ఉద్యమ చరిత్రల్లో కూడా నాటక రచయితలూ నటులూ ఉన్నారు గాని, ముందురోజు ఊళ్ళోకి వెళ్ళి కబురు చెప్పి వచ్చిన కార్యకర్తలు నేను చదివినంతలో కనపడలేదు. ఆ తప్పు మనది.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టం పోయిందా? లక్నోలో ఇప్టా వాళ్ళు 1953లో ప్రేమ్‌చంద్ ‘ఈద్గా’ను నాటకంగా ఆడితే ఇదే చట్టం కింద కేసు పెట్టారు. అది రాజ్యాంగానికి విరుద్ధమని అలహాబాదు హైకోర్టు 1956లో తీర్పు చెప్పింది. అయినా ఆ చట్టం పుస్తకంలోంచి పోవడానికి 2018 దాకా పట్టింది.

1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, మేము నలుగురం కుర్రాళ్ళం ఒక నాటిక వేద్దామనుకున్నాం. రేషను షాపులో కిరసనాయిలు దొరకని సంగతి తప్ప అందులో తిరుగుబాటేమీ లేదు. ప్రెస్సాయన ప్రూఫు తీసి, “తేదీ వేసేముందు స్టేషను ముద్ర వేయించుకు రండి” అన్నాడు. స్టేషనులో రాతప్రతి పుచ్చుకుని “రేపు రండి” అన్నారు. పదకొండు రోజులు తిరిగాం. పన్నెండో రోజు మాలో ఒకడి తండ్రిని పిలిపించి ఆయన ఉద్యోగం సంగతి గుర్తుచేశారు. నాటిక పడలేదు, రాతప్రతి తిరిగి రాలేదు. ఆ ప్రూఫు నా పెట్టెలోనే ఉంది. తేదీ దగ్గర ఖాళీ.

ఇప్పుడు ఆపే పద్ధతులు మారాయి. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు వద్దన్నాయి. పట్నంలో రోగులకూ పిల్లలకూ అది అవసరమే, కాదనను. కానీ భోజనాలయ్యాక మొదలై తెల్లవారేదాకా ఆడే పద్యనాటకానికి ఆ గంటలే బతుకు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ని నిషేధించింది. వేశ్యావ్యామోహానికి వ్యతిరేకంగా కాళ్ళకూరి నారాయణరావు సంస్కరణ దృష్టితో రాసిన నాటకం అది. తర్వాత ఆడినవాళ్ళు సుబ్బిశెట్టి పాత్రను ఒక కులాన్ని వెక్కిరించే బూతుగా దిగజార్చారు. ఆ కులంవాళ్ళు నొచ్చుకోవడంలో న్యాయముంది. బూతును తీసెయ్యమనడం వేరు, నాటకాన్నే తీసెయ్యడం వేరు. దెబ్బ పడింది మాత్రం రాత్రికింత అని కిరాయికి ఆడే నటుల పొట్ట మీద.

డప్పు కూడా ఊరుకోలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగల ఉద్యమం తన పేరుగా ‘దండోరా’ను తీసుకుంది. తరతరాలుగా ఇతరుల కబుర్లు చాటిన వాద్యం మొదటిసారి తన కబురు తాను చాటుకుంది. మన విమర్శకులు దాన్ని రాజకీయంగానే చూశారు. కళాచరిత్రలో కూడా అది ఒక తేదీ అని నా అభిప్రాయం.

పోయిన సంక్రాంతి నాటకానికి మా ఊరి కరపత్రం ఫోనులో వచ్చింది. కమిటీ సభ్యుల్లో ఆ డప్పు పెద్దాయన మనవడి పేరుంది, కింద నుంచి రెండోది. ఫోను చేసి అడిగాను. “చందా అందరితో సమానంగానే ఇచ్చానండి మాస్టారూ, పేరు మాత్రం అక్కడ వేశారు” అన్నాడు. మరి డప్పెవరు కొట్టారంటే నవ్వాడు. “బయటూరి వాళ్ళని మాట్లాడామండి, పూటకు మూడువేలు. ఊరికే ఎవరు కొడతారు?” కుర్చీలెలా వేశారని అడిగాను. ముందొచ్చినవాళ్ళు ముందు కూచున్నారట. మొదటి వరసలో నాలుగు మాత్రం తువ్వాళ్ళు కప్పి ఉంచారట, ఎవరికోసమో ఆయన చెప్పలేదు.