తెల్లవారేదాకా ఆగని జబ్బు



కత్తిపీట దగ్గర వేలు తెగితే ఏం చేస్తాం? చిటికెడు పసుపు అద్ది, పాతగుడ్డ చుట్టి, మళ్ళీ కూర తరగడంలో పడతాం. సాధారణంగా అది మానిపోతుంది కూడా. ఎప్పుడో అరుదుగా మాత్రం, అటువంటి చిన్న గాయంలోంచే సూక్ష్మక్రిములు లోపలికి దిగి, చర్మం కింది పొరను గంటల మీద కుళ్ళబెడతాయి. ఆ జబ్బు కథే ఈవేళ మీతో చెప్పుకుంటాను.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది కదా! దక్షిణాది సైన్యంలో జోసెఫ్ జోన్స్ అనే డాక్టరు, ఆస్పత్రుల్లో సైనికుల గాయాలు ఇలా కుళ్ళిపోవడం చూసి లెక్కలు రాసిపెట్టారు. 1871లో అచ్చయిన ఆ లెక్కల్లో రోగులు 2,642 మంది. నూటికి 46 మంది దక్కలేదు. ఒకరి పుండు తుడిచిన స్పాంజితోనే ఇంకొకరి పుండూ తుడిచిన రోజులవి. క్రిముల సంగతి తెలీదు మరి!

ఇక అక్కణ్ణుంచి చైనాకు వెళదాం. పెకింగు నగరంలోని యూనియన్ మెడికల్ కాలేజీలో ఫ్రాంక్ మెలనీ అనే అమెరికన్ సర్జను 1924లో తన రోగులు 20 మంది సంగతి ప్రకటించారు. వారిలో చనిపోయినవారు నలుగురే. పెన్సిలిన్ కనిపెట్టడానికి అప్పటికింకా నాలుగేళ్ళుంది! ఆ సైనికులనూ ఈ రోగులనూ ఒకే త్రాసులో తూచలేమనుకోండి. అయినా మెలనీగారు పట్టుకున్న కిటుకు ఒకటుంది: జబ్బును త్వరగా గుర్తించడం, ఆలస్యం చేయకుండా కోసి లోపల బాగా తెరవడం.

1952లో బెన్ విల్సన్ అనే డాక్టరు దీనికి ‘నెక్రొటైజింగ్ ఫేషియైటిస్’ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎన్నో మందులున్నాయి. అయినా ఇంచుమించు నలుగురైదుగురిలో ఒకరు పోతూనే ఉన్నారు. ఎందుకంటారా? జబ్బుపడిన చోట సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. గొట్టం పూడిపోతే కుళాయిలో నీళ్ళు రానట్టే, రక్తం చేరని చోటికి మందూ చేరదు. కుళ్ళిన భాగాన్ని కోసి తీసెయ్యాల్సిందే.

పెద్ద వయసు, షుగరు వ్యాధి, ఆస్పత్రికి చేరేసరికే రక్తపోటు పడిపోవడం, ఇవన్నీ ప్రాణానికి ముప్పు పెంచేవే. వయసు మన చేతిలో లేదు. ఆలస్యం చేయకపోవడం మాత్రం చాలావరకు మన చేతిలోదే.

గుర్తులు చెబుతాను, వినండి. పైకి కనిపించే గాయానికి మించిన నొప్పి, గంటగంటకూ పాకే వాపూ ఎరుపూ, జ్వరం. తర్వాత చర్మం కమిలి నల్లబడడం, బొబ్బలు, చివరికి స్పర్శ పోవడం. నొప్పి తగ్గింది కదా అని అప్పుడు సంతోషించకండి, అది మరీ ప్రమాదం.

పిల్లవాడి ఒళ్ళు వెచ్చబడితే పరుగెత్తే మనం, మన నొప్పి దగ్గరికొచ్చేసరికి ‘వంటయ్యాక చూద్దాంలే, తెల్లారాక చూద్దాంలే’ అంటాం. ఈ జబ్బు తెల్లవారేదాకా ఆగదమ్మా! ఆ పూటకి హోటలు నుంచి భోజనం తెప్పించుకుంటే ఇంట్లో ఎవరూ పస్తుండరు. ముందు ఆస్పత్రికి బయల్దేరండి.