ఇబ్రహీంపట్నం బడుల్లో పాట నేర్పినవాళ్లు

గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మీదే మా ఊరు వెలిసిందని పెద్దలు చెబుతారు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా ఈ రాజు దగ్గర, పెద్దచెరువు దగ్గర ఆగిపోతారు. సర్కారు బడిలో పైసా తీసుకోకుండా పిల్లలకు పాట నేర్పినవాళ్ల గురించి కూడా ఒకరు రాయాలి.

లెక్కల సారు, తెలుగు సారు, పీఈటీ సారు మా అందరికీ గుర్తుంటారు. సంగీతం సారు అన్న మాట మా బడుల్లో వినపడేది కాదు. అయినా పంద్రాగస్టు నాడు పిల్లల పాట లేకుండా జెండా ఎగరలేదు. పండుగ దగ్గర పడుతుందనగా బడి నుంచి భజన మండలికి కబురు పోయేది. రాత్రి గుడిలో హార్మోనియం వాయించేవాళ్లు పొలం పని ముగించుకొని సాయంత్రం బడికి వచ్చేవాళ్లు. సరిగమలు పలకపై రాయించేవాళ్లు కాదు. ఒక మెట్టు నొక్కి గొంతు కలపమనేవాళ్లు, కలిసేదాకా వదిలేవాళ్లు కాదు. శ్రుతి అంటే ఏమిటో మా చెవులకు అట్లా తెలిసింది. దసరా సెలవుల ముందు బడిలో ఆడే బతుకమ్మకు తల్లులే గురువులు.

అన్నిటికంటే ఆలస్యంగా బడి గేటు దాటింది డప్పు. చావుకు, జాతరకు, చాటింపుకు పిలిచిన కళాకారుణ్ని బడి పిలవలేదు. మాదిగవాడలో తండ్రి దగ్గర దరువు నేర్చుకున్న పిల్లవాడు ఆ విద్యను బడిలో దాచుకోవాల్సి వచ్చేది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభలు తెలంగాణ ఉద్యమమంతా సాగి, డప్పును వేదిక మధ్యకు తెచ్చాయి. ఆ ఊపులోనే బడి వార్షికోత్సవాల్లోనూ అది మోగింది. నేర్పింది వాడ యువకులే. మంట దగ్గర కాచి తోలు బిగువు చూసుకోవాలి. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల పట్టాలి. అడుగు తప్పకుండా దరువు మార్చాలి. ఏళ్ల సాధన అడిగే విద్య ఇది. అన్ని కులాల పిల్లలు ఒకే వరుసలో నిలబడి, ఆ వాడ మనిషిని సారూ అని పిలిచి నేర్చుకోవడం మా ఊరి చరిత్రలో చెరువు తవ్వినంత పెద్ద సంగతి అని నా నమ్మకం.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలున్న బడికి కళావిద్య నేర్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలంది. ఆ మాట ప్రతి బడిలో అమలు కావాలని అడగడం మన హక్కు. స్వచ్ఛంద సేవ ఆ బాధ్యతను మాఫీ చేయదు. కిరణ్ సేథ్ 1977లో ఢిల్లీ ఐఐటీలో మొదలుపెట్టిన స్పిక్ మెకే వాలంటీర్లు పెద్ద విద్వాంసులను బడులకు తీసుకొస్తున్నారు, గొప్ప పని. కానీ కచేరీ విని పొంగిపోయిన పిల్లకు వచ్చే వారం పక్కన కూర్చోబెట్టుకొని నేర్పే మనిషి ఊళ్లోనే ఉండాలి. 2024లో అందెశ్రీ గీతం రాష్ట్ర గీతమైంది. దాన్ని శ్రుతి తప్పకుండా పాడించడానికైనా ఆ మనిషి కావాలి.

ఇప్పుడు ఆదిబట్లలో ఐటీ కంపెనీలున్నాయి, కొంగరకలాన్‌లో 2022 నుంచి కలెక్టరేట్ ఉంది. కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లలో వయొలిన్, వీణ, కీబోర్డు తెలిసినవాళ్లు ఉంటారు. వాళ్లు భజన మండలితో, డప్పు కళాకారులతో కలిసి శనివారం బాలసభ గంటను పంచుకోవచ్చు. కూలి మానుకొని వచ్చే కళాకారుడికి దారి ఖర్చులు, పిల్లలకు డప్పులు, హార్మోనియం మరమ్మతు మాత్రం ఊరు భరించాలి. మండలి పెద్దల్లో చాలామందికి వయసు పైబడింది, ఈ ఏడే మొదలుపెడదాం.