ఇసుక కొండను మింగిన నీలి సీసా

అమెరికాలో పాత సామాన్ల సంతల్లో లేత నీలం గాజు సీసాలు తరచూ కనిపిస్తాయి. కొన్నిటి పొట్ట మీద ఉబ్బెత్తు అక్షరాల్లో 'మేసన్స్ పేటెంట్, నవంబర్ 30, 1858' అని ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు అది సీసా పుట్టిన తేదీ అనుకుని మురిసిపోతారు. అమ్మేవాడు కాదనడు. నిజానికి అది పేటెంటు పుట్టిన తేదీ. 1879లో గడువు తీరిపోయి ఎవరు పడితే వాళ్లు ఈ సీసాలు చేసుకునే వీలు వచ్చాక కూడా, చాలా కంపెనీలు ఆ అక్షరాలను ఏళ్ల తరబడి అచ్చుల్లోంచి తీయలేదు. కాబట్టి అది 1900లో పోతపోసిన సీసా కూడా కావచ్చు.

ఆ పేటెంటు జాన్ లాండిస్ మేసన్ అనే రేకు పనివాడిది. అప్పటికి అతనికి 26 ఏళ్లు. తిండిని సీసాలో పెట్టి, మూత బిగించి, వేడినీళ్లలో ఉడికిస్తే చెడిపోదని ఫ్రాన్సులో నికొలా అపేర్ ముందే చూపించాడు. 1810లో అక్కడి ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి కూడా అందుకున్నాడు. చిక్కంతా మూత దగ్గరే వచ్చింది. బిరడా బిగించి తీగతో కట్టాలి, లేదంటే రేకు మూత పెట్టి చుట్టూ లక్క కరిగించి పోయాలి. తెరవాలంటే గోకి గోకి ఊడదీయాలి. ఆ ముక్కలు లోపలి పళ్లలో పడకుండా చూసుకోవడం మరో తంటా.

మేసన్ సీసా మెడకే మర చుట్టాడు. మరమూతలు అంతకుముందూ ఉన్నాయి. అతని తెలివి ఎక్కడుందంటే, ఆ మరను భుజం దాకా లాగకుండా మధ్యలోనే గాజులో కలిసిపోయేలా ఆపేశాడు. దాంతో జింకు మూత తిప్పుతూ పోతే నేరుగా భుజం మీద కూర్చుని బిగుసుకుంటుంది. మధ్యలో రబ్బరు చుట్టు పెడితే గాలి చొరబడదు. జింకు తగిలితే తిండికి పాడు రుచి వస్తుందని 1869లో లూయిస్ బాయిడ్ మూత లోపల తెల్లటి పాలగాజు బిళ్ల అమర్చాడు. లాభాలు ఎవరెవరికో పోయాయి. మేసన్ మాత్రం 1902లో న్యూయార్క్‌లో పేదవాడిగానే కన్నుమూశాడు.

లాభపడినవాళ్లలో పెద్దవాళ్లు బాల్ సోదరులు, మొత్తం ఐదుగురు. 1880లో మేనమామో బాబాయో గాని, ఒక దగ్గరి బంధువు ఇచ్చిన 200 డాలర్ల అప్పుతో బఫెలోలో వ్యాపారం మొదలుపెట్టారు. ఇండియానా రాష్ట్రంలోని మన్సీ ఊళ్లో భూమిలోంచి సహజవాయువు పడిందని తెలిసి 1887లో అక్కడికి మకాం మార్చారు. గాజు బట్టీకి నిప్పే ప్రాణం, ఆ నిప్పు ఉచితంగా ఇస్తామని ఊరివాళ్లే పిలిచారు. స్థలమూ ఇచ్చారు, పైగా 5,000 డాలర్ల నగదు. ఇక కావలసింది ఇసుక.

మిషిగన్ సరస్సు ఒడ్డున మిషిగన్ సిటీ దగ్గర 'హూసియర్ స్లైడ్' అని ఒక ఇసుక కొండ ఉండేది. ఎత్తు సుమారు 200 అడుగులు. పైకెక్కి సరస్సును చూడడానికి జనం రైళ్లలో వచ్చేవారు. అదే పట్టాల మీద ఇసుక గాజు ఫ్యాక్టరీలకు తరలిపోయింది. 1920 నాటికి కొండ లేదు. ఆ జాగాలో తర్వాత విద్యుత్ కేంద్రం లేచింది. ఇవాళ ఆ కొండను చూడాలంటే పాత పోస్టుకార్డుల్లో చూడాలి, లేదా ఎవరింట్లోనో అల్మరాలో ఉన్న నీలి సీసాల్లో.

ఎందుకంటే ఆ నీలం రంగు ఎవరూ కావాలని వేసింది కాదు. ఇసుకలోని ఇనుము లాంటి మలినాలే అందుకు కారణమంటారు. అవి ఉన్న గాజు ఎప్పుడూ కాస్త నీలంగానో పచ్చగానో తేలుతుంది. తెల్లటి గాజు కావాలనుకున్న కంపెనీలు ఆ ఛాయను చంపడానికి మాంగనీసు కలిపేవి. ఏళ్ల తరబడి ఎండ తగిలేసరికి ఆ తెల్ల గాజు కాస్తా ఊదారంగుకు తిరిగింది. అంటే నీలం ఒక లోపం, ఊదా ఆ లోపాన్ని దాచబోతే వచ్చిన ఇంకో లోపం. 1937 ప్రాంతంలో బాల్ కంపెనీ నీలం మానేసి తెల్ల గాజుకు మారింది. గిరాకీ మాత్రం ఆ మరకలకే. ఊదారంగు కోసం మామూలు పాత సీసాలకు కిరణాల చికిత్స చేసి అమ్మే ఘనులు కూడా బయల్దేరారు.

రెండో ప్రపంచ యుద్ధం దాకా ఈ సీసాకు చేతినిండా పని. 1943లో అమెరికా ఇళ్లలో పళ్లూ కూరగాయలూ పట్టిన సీసాలు 400 కోట్లు దాటాయని లెక్క. తర్వాత ఫ్రిజ్‌లు, డీప్ ఫ్రీజర్లు వచ్చాయి, సూపర్ మార్కెట్లు వచ్చాయి. సీసా అటకెక్కింది. అక్కడి నుంచి దిగి వచ్చింది అలంకారంగానే: పెళ్లి బల్లల మీద పూలగుత్తులకు, క్రిస్మస్‌కు మెరుపుల పొడి చల్లిన మంచుబొమ్మలకు. 2013లో 'పర్ఫెక్ట్ మేసన్' సీసాకు నూరేళ్లని చెప్పి నీలి సీసాలు మళ్లీ పోతపోశారు. ఒకప్పుడు వదిలించుకున్న రంగును ఈసారి పనిగట్టుకుని కలిపారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే మలుపు ఇదే. ఈ కొత్త సీసాలను చేసింది బాల్ కంపెనీ కాదు, ఆ పేరు వాడుకునే హక్కున్న వేరే సంస్థ. అసలు బాల్ కంపెనీ ఇప్పుడు అల్యూమినియం క్యాన్ల వ్యాపారంలో ఉంది. వాటిని తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మన శ్రీసిటీలోనే ఉంది.

మరమూత సీసా మన వంటింట్లోకి మేసన్ పేరుతో రాలేదు. హార్లిక్స్ పేరుతో వచ్చింది. ఇంగ్లండు నుంచి వెళ్లిన జేమ్స్, విలియం హార్లిక్ అన్నదమ్ములు విస్కాన్సిన్‌లోని రసీన్‌లో ఆ పొడి తయారుచేసి 1883లో పేటెంటు తీసుకున్నారు. ఆ పొడి రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలోనే తయారయ్యే రోజులు కూడా తర్వాత వచ్చాయి. ఆవకాయకు జాడీ ఎటూ ఉంది. పొడికి గాలి తగలకూడదు, చెంచా దూరాలి, ఎంత మిగిలిందో బయటికి కనపడాలి. కందిపొడికీ కరివేపాకు కారానికీ ఖాళీ హార్లిక్స్ సీసా కంటే మంచి ఇల్లు దొరకదు. మూత తుప్పు పట్టాక కూడా సీసాను పారేయలేదు, నీళ్లు పోసి మనీప్లాంట్ వేశారు. ప్లాస్టిక్ డబ్బాలూ రీఫిల్ ప్యాకెట్లూ వచ్చాక ఇక్కడా అదే జరిగింది. సీసాకు పని తగ్గింది, సోకు పెరిగింది.

ఇప్పుడు ఇంట్లో మిగిలేవి జామ్, కాఫీ, తేనె సీసాలు. పండక్కి వాటిని ముస్తాబు చేయాలంటే ముందు లేబుల్ వదలాలి. గంటసేపు వేడినీళ్లలో నానబెడితే కాగితం ఊడుతుంది, జిగురు ఊడదు. కొబ్బరినూనెలో వంటసోడా కలిపి రుద్ది, సబ్బుతో కడిగి, జిడ్డు లేకుండా ఆరబెట్టాలి. ఆనక ఫెవికాల్‌లో రెండు చుక్కల నీలం ఫుడ్ కలర్, కాస్త నీళ్లు కలిపి సీసా లోపల పోసి, అన్ని వైపులా పారేలా తిప్పి బోర్లించాలి. తడి మీద పాలలా ఉంటుంది, ఆరేకొద్దీ వెలుతురు దూరే నీలంగా తేలుతుంది. నీళ్లు తగిలితే మాత్రం మొత్తం కరిగిపోతుంది, కాబట్టి పూలకు పనికిరాదు. మైనం దీపం కూడా వద్దు. ఒక చోట వేడెక్కి ఇంకో చోట చల్లగా ఉంటే మామూలు గాజు పగులుతుంది, జామ్ సీసా నిప్పు కోసం చేసింది కాదు. బ్యాటరీతో వెలిగే సన్న సీరియల్ బల్బుల తీగ అరవై, డెబ్భై రూపాయలకు ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది. దాన్ని చుట్టలా కాకుండా చిందరవందరగా నలిపి లోపలికి తోయండి, అప్పుడే వెలుగు సీసా అంతా పరుచుకుంటుంది.