ఊపిరిని నడిపేదెవరు? - పాతబావి చెప్పే పాఠం

కర్నూలు, కడప సీమలలో వేసవి వచ్చిందంటే రైతు చూపంతా బావి మీదనే. నీరు అడుగంటుతుంది, పూడిక తీయవలసి వస్తుంది. చాలాకాలం వాడక విడిచిన బావిలోనికి దిగేముందు తాడుతో లాంతరు దించి చూడడం మన పల్లెలలో పెద్దల అలవాటు. దీపం ఆరితే దిగరాదు. దీపానికీ మనిషి ఊపిరికీ గల సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం దొరకడానికి నూరేండ్లకు పైగా పట్టినది.

మనం ఊరక కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుండి 16 సార్లు ఊపిరి తీస్తాము. ఒక్కొక్కసారి లోనికి పోయే గాలి దాదాపు అర లీటరు. రొమ్మునూ కడుపునూ వేరుచేసే ఉదరవితానం ముడుచుకొని క్రిందికి దిగినప్పుడు గాలి లోనికి వస్తుంది. అది సడలగానే గాలి దానంతట అదే వెలువడుతుంది. అంటే నిమిషానికి 6 నుండి 8 లీటర్లు చాలు. అదే మనిషి గడ్డపార పట్టి గట్టినేల త్రవ్వితే పక్కటెముకల కండరాలు, కడుపు కండరాలు కూడ పనిలో చేరుతాయి. శిక్షణ పొందిన క్రీడాకారుడు తీవ్రంగా పరుగెత్తితే ఈ లెక్క 100 లీటర్లు దాటుతుంది.

శ్రమలో ప్రాణవాయువు ఎక్కువగా ఖర్చవుతుందని మొదట కొలిచి చూపినవారు ఫ్రాన్సు దేశీయుడు లెవోయిజర్, ఆయన సహచరుడు సెగాన్. 1790 ప్రాంతంలో జరిగిన ఆ ప్రయోగాలకు సెగాన్ తన దేహాన్నే అప్పగించినాడు. కాలితో బరువెత్తుతున్నప్పుడు ఆయన వాడిన ప్రాణవాయువు విశ్రాంతిలో వాడినదానికి రెండు రెట్లు మించినది. అయితే ఇంకా ఎక్కువ గాలి కావాలని ఊపిరితిత్తులకు చెప్పేదెవరు?

1905లో ఆక్స్‌ఫర్డులో హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు దీనికి జవాబు చెప్పినారు. ఊపిరితిత్తులలోని గాలిలో బొగ్గుపులుసు వాయువు కేవలం 0.2 శాతం పెరిగితే చాలు, ఊపిరి ఇంచుమించు రెట్టింపు అవుతుందని వారు కనుగొన్నారు. విశ్రాంతిలో ఊపిరిని నడిపేది ప్రధానంగా ప్రాణవాయువు కొరత కాదు, బొగ్గుపులుసు వాయువు పెరుగుదల!

కథ అక్కడితో ముగియలేదు. 1913లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు క్రో, లిండ్‌హార్డు మరొక వింత చూపినారు. పని మొదలైన క్షణంలోనే, రక్తంలో మార్పు రాకముందే ఊపిరి పెరుగుతున్నది. కాళ్ళుచేతులకు ఆజ్ఞ పంపే మెదడు అదే సమయంలో శ్వాసకేంద్రాన్నీ హెచ్చరిస్తుంది. కదిలే అవయవాలు కూడ కబురు పంపుతాయి. ఇక ప్రాణవాయువు కొరతను మెడలోని ధమనుల వద్ద గల చిన్న అవయవాలు పసిగడతాయి. దీనిపై చేసిన పరిశోధనకు బెల్జియం శాస్త్రజ్ఞుడు హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించినది. కాని కొరత బాగా ముదిరితే తప్ప అవి గట్టిగా హెచ్చరించవు.

ఇప్పుడు బావి దగ్గరకు వద్దాము. కుళ్ళిన ఆకులూ అలములూ ప్రాణవాయువును తినివేసి బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. అది గాలికంటె బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది. అటువంటి చోట ఆయాసమైనా వచ్చి మనిషిని హెచ్చరించవచ్చును. బొగ్గుపులుసు వాయువు పెరగక, ప్రాణవాయువు మాత్రమే తగ్గినచోట ఆ హెచ్చరిక కూడ ఉండదు. మనిషి ఉక్కిరిబిక్కిరి కాకుండానే స్పృహ తప్పుతాడు. అతనిని కాపాడాలని దిగినవాడు శ్రమలో ఉంటాడు కాబట్టి మరింత వేగంగా ఆ గాలినే పీలుస్తాడు. ఒక బావిలో ఇద్దరు ముగ్గురు ఒకరి వెంట ఒకరు పడిపోవడానికి కారణం ఇదే.

దీపం ఆరితే ప్రమాదం నిశ్చయం. అయితే వెలిగినంత మాత్రాన క్షేమమని నమ్మరాదు. విషవాయువులను దీపం చూపదు. మండే వాయువుంటే దీపమే నిప్పు పెడుతుంది. కాబట్టి నేడు గాలిని కొలిచే పరికరాన్ని పైనుండి దించి చూడాలి, పంఖాతో మంచిగాలి పంపాలి, దిగేవాని నడుముకు తాడు కట్టి పైన మనుషులు కాచుకొని ఉండాలి. పడిపోయినవాని వెంట ఎవరూ ఊరక దిగరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయించవచ్చును. విద్యార్థులు కూర్చుని ఒక నిమిషం ఊపిరులు లెక్కించి, తరువాత మైదానం ఒక చుట్టు పరుగెత్తి మరల లెక్కించాలి. ఆ రెండు అంకెల నడుమ గల తేడాను నల్లబల్లపై వ్రాసి, ఈ బావి సంగతి కూడ చెప్పవలెను. ఆ మాట పిల్లలతో ఇంటికి చేరితే, వేసవిలో ఒక ప్రాణమైనా నిలవవచ్చును.