ఆపదలో కలిసిన చేతులు: జంటనగరాల సేవా చరిత్రలో కొన్ని పుటలు

 

ఈ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నాకంటే బాగా రాస్తారు కూడా. అందుకని నేను మనం పుట్టి పెరిగిన ఈ ప్రాంతపు చరిత్రలో ఒక పాయను మాత్రం తీసుకుంటున్నాను. వేర్వేరు దేవుళ్ళకు మొక్కే మనుషులు ఊరికి కష్టం వచ్చినప్పుడు కలిసి ఎట్లా పనిచేశారు, ఆ కలయిక ఎందుకు ఎక్కువ రోజులు నిలవలేదు, ఎక్కడ నిలిచింది అన్నదే నా విషయం. నేను వృత్తిరీత్యా ఇంజనీరును, చరిత్రకారుణ్ణి కాను. కాబట్టి అక్కడక్కడా చెరువులు, కట్టలు, తూముల భాష వస్తే పెద్ద మనసుతో చదవండి.

మన నేల కథ

మల్కాజ్‌గిరి పేరుకు మూలం మల్లికార్జునగిరి అని పెద్దలు చెబుతారు. పక్కనే ఉన్న గుట్ట పేరు మౌలాలి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, 1578లో, యాకూత్ అనే ఆస్థాన సేవకుడికి కలలో హజ్రత్ అలీ కనిపించాడని, ఆ గుట్ట మీది రాయిపై చేతి గుర్తు దొరికిందని ఐతిహ్యం. ఇప్పటికీ రజబ్ నెల ఉర్సుకు గుట్ట ఎక్కేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. శివుడి పేరున్న ఊరు ఒకవైపు, అలీ పేరున్న గుట్ట ఇంకొకవైపు. మధ్యలో రైలు పట్టాలు.

ఆ పట్టాలే మన జనాన్ని తెచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు మొదలైంది. దాంతో తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, మరాఠీలు, కోస్తా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఒకే కాలనీల్లో సర్దుకున్నాయి. మన తరగతి హాజరుపట్టీని ఒకసారి గుర్తు చేసుకోండి. పేర్లు చదువుతుంటే సగం దేశం పలికేది.

సికింద్రాబాదు వాళ్ళకు తెలిసిన మరో కథ ఉజ్జయిని మహాకాళిది. 1813లో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనిక దళంలో డోలీ మోసే సురిటి అప్పయ్య, మావాళ్ళను కాపాడితే మా ఊళ్ళో నీకు గుడి కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడట. తిరిగి వచ్చాక 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడు. లష్కర్ బోనాలకు మూలం అదే అంటారు. రోగం వస్తే మొక్కడం తప్ప చేతిలో వేరే సాధనం లేని కాలం అది. ఆ మొక్కు నుంచి మందు దాకా, అన్నం దాకా, ఆసుపత్రి దాకా మనం ఎట్లా వచ్చామన్నది తరువాతి వంద సంవత్సరాల కథ.

మహబూబ్ కాలేజీలో ఒక సాయంకాలం

సికింద్రాబాదు మహబూబ్ కాలేజీ 1862లో సోమసుందరం మొదలియార్ స్థాపించిన బడి. హిందువు పెట్టిన బడికి ముస్లిం పాలకుడైన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు. 1893 ఫిబ్రవరి 13న అక్కడ ఒక యువ సన్న్యాసి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఉపన్యాస విషయం పశ్చిమ దేశాలకు తాను ఎందుకు వెళ్తున్నాడు అన్నది. వెయ్యిమందికి పైగా వచ్చారు. వాళ్ళలో చాలామంది ఐరోపావాళ్ళు ఉన్నారు. ఆ సన్న్యాసి స్వామి వివేకానంద. అదే ప్రయాణంలో ఆయన నవాబ్ ఖుర్షీద్ జాను కలిసి మతాల గురించి మాట్లాడాడు. నవాబు ఆయన విదేశయాత్రకు వెయ్యి రూపాయలు ఇవ్వడానికి ముందుకొచ్చాడు. ఇంకా సమయం రాలేదని, అవసరమైనప్పుడు అడుగుతానని స్వామి చెప్పాడు.

ఆ సెప్టెంబరులో చికాగోలో సర్వమత మహాసభ జరిగింది. వేర్వేరు మతాల ప్రతినిధులు ఒకే వేదిక మీద కూర్చోవడానికి ఆధునిక కాలంలో అది పెద్ద ఆరంభం. అయితే అది మాటల వేదిక. కలిసి కూర్చోవడం వేరు, కలిసి పనిచేయడం వేరు. మన నగరానికి ఆ రెండో పాఠం పదిహేనేళ్ళకు మూసీ నేర్పింది.

1908: వరద మతం అడగలేదు

1908 సెప్టెంబరు 28న మూసీ నగరం మీద పడింది. సుమారు 15 వేలమంది చనిపోయారని సాధారణంగా చెప్పే లెక్క. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టెక్కిన వాళ్ళ కులాలు, మతాలు ఎవరూ రాసిపెట్టలేదు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. మహబూబ్ అలీఖాన్ హిందూ పద్ధతిలో మూసీకి హారతి ఇచ్చాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. సహాయ కేంద్రాలు, వంటశాలలు వెలిశాయి. సరోజినీ నాయుడు వంటి వాళ్ళు సహాయ పనిలో దిగారు.

కానీ వంటశాల కొన్ని వారాలకే మూతపడుతుంది. ఎప్పుడైనా అంతే. మళ్ళీ వరద రాకుండా ఏం చెయ్యాలన్నది వేరే ప్రశ్న. దానికోసం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన లెక్క చూడండి. మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండేవి. వాటిలో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే ఆ నీళ్ళన్నీ కింది చెరువు మీద పడతాయి. అది తట్టుకోలేక తెగుతుంది. ఆ తరువాత దాని కిందిది. నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, ఒకదాని మీద ఒకటి పడిన కట్టలు. నగరానికి పైన నీటిని ఆపి, నెమ్మదిగా వదలాలని ఆయన చెప్పాడు. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. ముస్లిం పాలకుడు పిలిపించిన బ్రాహ్మణ ఇంజనీరు సలహాతో కట్టిన ఆ జలాశయాల నీళ్ళు దశాబ్దాలపాటు అందరి కుండల్లోకీ వచ్చాయి.

డిచ్‌పల్లి: ముగ్గురు కలిసి కట్టిన ఆసుపత్రి

మతాల మధ్య భాగస్వామ్యం నిలబడిన చోటు చూడాలంటే నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లికి వెళ్ళాలి. స్కాట్లండు నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందినవాళ్ళు. కుష్ఠు రోగులను ఊళ్ళలోంచి వెళ్ళగొడుతున్న రోజులవి. ఆమె వాళ్ళకోసం ఒక ఆసుపత్రి తలపెట్టింది. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ పెద్ద మొత్తంలో విరాళమిచ్చాడు. నిజాం ప్రభుత్వం కూడా అండగా నిలిచింది. 1915లో ఆసుపత్రి మొదలైంది. చాల్ముగ్రా నూనె ఇంజెక్షన్ల చికిత్సలో పేరు తెచ్చుకుంది.

క్రైస్తవ వైద్యురాలు, హిందూ దాత, ముస్లిం పాలకుడు. ముగ్గురిలో ఎవరూ తమ మతాన్ని వదులుకోలేదు. ఒకరి చేతిలో వైద్యం, ఒకరి చేతిలో డబ్బు, ఒకరి చేతిలో అధికారం ఉన్నాయి. ఏ ఒక్కరూ ఒంటరిగా ఆ పని చేయగలిగేవాళ్ళు కాదు. రోగి అందరికంటే దిక్కులేనివాడు కాబట్టి అతని ముందు మిగతా తేడాలు చిన్నవయ్యాయి. ఆ భాగస్వామ్యానికి ఒక భవనం, పడకలు, రోజువారీ పని దొరికాయి కాబట్టి అది ఉత్సాహం చల్లారాక కూడా నిలిచింది.

1990: తెగిన కట్ట

మన తరానికి ఈ పుట చదివి చెప్పక్కర్లేదు. 1990 డిసెంబరులో నగరంలో మత కలహాలు చెలరేగి వందకు పైగా ప్రాణాలు పోయాయి. కర్ఫ్యూ రోజులు. పాలు దొరకని ఇళ్ళు. ఒక బస్తీలో పుట్టిన పుకారు గంటలో ఇంకో బస్తీకి, అక్కడినుంచి మూడో బస్తీకి పోయింది. గొలుసుకట్టు చెరువులు ఒకదాని తరువాత ఒకటి తెగినట్టే.

అప్పుడు ముందుకొచ్చిన సంస్థల్లో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. దాని చరిత్ర ఆసక్తికరం. 1930లో లాహోరులో, ఇస్లాం గురించి క్రైస్తవ మిషనరీలకు శిక్షణ ఇవ్వడానికి పుట్టింది. చాలా ఊళ్ళు తిరిగి 1971లో హైదరాబాదు చేరింది. కాలక్రమంలో దాని ధ్యేయమే మారింది. ఎదుటి మతం గురించి చదవడం నుంచి, ఎదుటి మతం వాళ్ళతో కలిసి పనిచేయడం వైపు నడిచింది. కలహాల తరువాత వివిధ మతాల వాళ్ళతో కలిసి సహాయ పనిలో దిగింది. ‘అమన్ శాంతి’ పేరుతో పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో హిందూ, ముస్లిం ఆడవాళ్ళు, పిల్లలు ఒకే చోట కుట్టుపని, చదువు నేర్చుకునే ఏర్పాటు చేసింది. ఉర్దూలో అమన్, తెలుగులో శాంతి. ఒకే మాట రెండుసార్లు. ఆ దశకంలోనే పాతబస్తీలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు కొన్ని ‘కోవా’ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ఈ పని విలువ ఏమిటో రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వర్ష్‌నే 2002లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. ఆయన ఆరు నగరాలను జంటలుగా పోల్చారు. హైదరాబాదుకు జంట లక్నో. ఆయన తేల్చిన విషయం సులువుగా చెప్పాలంటే ఇది: పండక్కి ఒకరింటికి ఒకరు వెళ్ళడం మంచిదే కానీ పెద్ద నగరానికి అది చాలదు. వ్యాపార సంఘాలు, వృత్తి సంఘాలు, క్లబ్బులు వంటి వాటిలో రెండు మతాలవాళ్ళు కలిసి సభ్యులుగా ఉన్న చోట పుకారు ఆగిపోయింది. అవి లేని చోట మంట అంటుకుంది. నా భాషలో చెప్పాలంటే, సేమ్యా పాయసం గిన్నె వానను ఆపదు. దానికి కట్ట, అలుగు, తూము కావాలి. అవి వాన రాకముందే కట్టి ఉండాలి.

2020: మన గడప దాకా

2020 వేసవి లాక్‌డౌన్‌లో మేడ్చల్ వైపు హైవే మీద వలస కూలీలు సొంత రాష్ట్రాలకు నడుస్తుంటే, స్వచ్ఛంద సేవకులు రోడ్డు పక్కన నిలబడి అన్నం, నీళ్ళు, చెప్పులు ఇచ్చారు. ఆ మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అదే సంవత్సరం అక్టోబరు 13, 14 తేదీల్లో కుండపోత వాన పడింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. మల్కాజ్‌గిరిలో బండ చెరువు కింది కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. 2021లో కోవిడ్ రెండో దశ వచ్చినప్పుడు రాజేంద్రనగర్‌లో ఒక మసీదు పడకలు వేసి, మతంతో పని లేకుండా రోగులను చేర్చుకుంది.

ప్రతిసారీ మంచి మనసులు కనబడ్డాయి. ప్రతిసారీ నీళ్ళు తీసేశాక, కేసులు తగ్గాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. వాట్సాప్ గ్రూపులు మూగబోయాయి. తరువాతి వానకు మళ్ళీ మొదటినుంచి మొదలు.

మన సంఘం చేయగలిగింది

యాభై ఏళ్ళు నిలిచిన పూర్వ విద్యార్థుల సంఘం చిన్న సంగతి కాదు. వర్ష్‌నే చెప్పిన రకం సంఘం అచ్చంగా ఇటువంటిదే. మన సభ్యుల్లో గుడి కమిటీలో ఉన్నవాళ్ళున్నారు, మసీదు కమిటీలో ఉన్నవాళ్ళున్నారు, చర్చి పెద్దలున్నారు, గురుద్వారాలో లంగర్ వడ్డించేవాళ్ళున్నారు. వీళ్ళను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగిన చోటు మల్కాజ్‌గిరిలో మన బడికంటే మంచిది నాకు కనబడదు. వీళ్ళందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన మాస్టార్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు.

నా ప్రతిపాదన సాదాగా ఉంటుంది. ముందు ఒక జాబితా. ఏ గుడి వంటశాలలో ఎంతమందికి వండవచ్చు? ఏ చర్చి హాల్లో ఎంతమంది పడుకోవచ్చు? ఏ మసీదులో బోరు, జనరేటరు ఉన్నాయి? నాలా పొంగితే మునగని ఎత్తులో ఉన్నది ఏది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఈ జాబితా ప్రతి మే నెలలో, వానలకు ముందే సరిచూసుకోవాలి. ఏడాదికి రెండు వైద్య శిబిరాలు కలిసి పెట్టాలి, ఆపద లేని రోజుల్లో కూడా కలిసి పనిచేసే అలవాటు పోకుండా.

కలిసి పనిచేయడంలో ఇబ్బందులు ఉండవని నేను అనను. వంట దగ్గర పట్టింపులుంటాయి. బ్యానరు మీద ఎవరి పేరు ముందు అన్న గొడవ ఉంటుంది. సేవ పేరుతో మా వాళ్ళను లాగేసుకుంటారేమో అన్న అనుమానం అన్ని వైపులా ఉంటుంది. ఈ అనుమానాన్ని దాచకుండా మొదటి సమావేశంలోనే మాట్లాడుకోవాలి. నాలుగు నియమాలు చాలనుకుంటాను: అందరూ తినగలిగే శాకాహారమే వండాలి. సేవ జరిగే చోట మత ప్రచారం ఉండకూడదు. పైసా పైసా లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి. బ్యానరు మీద మన ఊరి పేరు తప్ప వేరే పేరు ఉండకూడదు.

విశ్వేశ్వరయ్య వరద వచ్చిన మరుసటి ఏడాది వచ్చాడు. మనకు అంత ఆలస్యం అక్కర్లేదు. ఈ సంచిక మీ చేతికి అందాక జరిగే మొదటి సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. జాబితా తయారు చేసే పని, లెవెల్స్ కొలిచే పని నేను తీసుకుంటాను. తోడు రాగలిగినవాళ్ళు పేర్లు ఇవ్వండి. గురువులు ఆశీర్వదించండి.