నారింజ స్టాంపులు, నీలం స్టాంపులు

అమెరికా ఆహార సాయం కథ పందులతో మొదలవుతుంది. 1933లో ధరలు కుప్పకూలి, పందుల్ని పెంచే రైతుకు దాణా ఖర్చు కూడా గిట్టని పరిస్థితి. సరుకు తగ్గితే ధర లేస్తుందని రూజ్వెల్ట్ ప్రభుత్వం అరవై లక్షల పందుల్ని, పందిపిల్లల్ని కొని చంపించింది. పట్నాల్లో జనం రొట్టెముక్క కోసం బారులు తీరి నిలబడ్డ రోజులవి. దేశమంతా దుమ్మెత్తిపోసింది. ఆ తిట్ల దెబ్బకే, మిగులు పంటను కొని పేదలకు పంచే సంస్థ ఒకటి అదే ఏడాది పుట్టింది.

ఇవాళ్టికీ అమెరికాలో ఆహార సాయాన్ని నడిపేది వ్యవసాయ శాఖే. మన దగ్గర రేషన్ కార్డు పౌర సరఫరాల శాఖది, రైతు వేరే శాఖ మనిషి. తాండూరు నుంచి వచ్చినవాణ్ణి గనుక ఈ తేడా నా కంట్లో కాస్త ఎక్కువగానే పడుతుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నేనుండే రోచెస్టర్ న్యూయార్క్ రాష్ట్రంలోది, కొడాక్ కంపెనీ పుట్టిన ఊరు. 1939 మే 16న మొట్టమొదటి ఫుడ్ స్టాంపులు ఇచ్చింది ఇక్కడే. ఫ్యాక్టరీలో పని పోయిన మేబెల్ మెక్‌ఫిగిన్ అనే ఆమె మొదట అందుకుంది. నెలకు తిండికి ఎలాగూ పెట్టే డబ్బు తెచ్చి కడితే, అంతే విలువకు నారింజ రంగు స్టాంపులు ఇచ్చేవాళ్ళు. వాటితో ఏ తిండి సరుకైనా కొనొచ్చు. కట్టిన ప్రతి డాలరుకూ యాభై సెంట్ల నీలం స్టాంపులు ఊరికే వచ్చేవి. ఆ నీలానివి మాత్రం మిగులుగా ప్రకటించిన వెన్న, గుడ్లు, ఎండు చిక్కుడు గింజల వంటి వాటికే చెల్లేవి. కొనేది మామూలు కిరాణా కొట్లోనే. పేదకు తిండి, కొట్టువాడికి గిరాకీ, రైతుకు అమ్మకం. ఎవరి లాభం వాళ్ళకుంది కాబట్టి నాలుగేళ్ళలో దేశంలో దాదాపు సగం జిల్లాలకు పాకింది. మోసమూ వెంటే వచ్చింది. అక్టోబరుకల్లా మొదటి దుకాణదారు పట్టుబడ్డాడు. కంట్రోల్ బియ్యం రాత్రికి రాత్రి మిల్లు చేరడం తెలిసిన మనకు ఇందులో వింతేం లేదు. 1943లో యుద్ధం మిగులునూ నిరుద్యోగాన్నీ రెంటినీ మింగేసింది. పథకాన్ని ఎత్తేశారు.

యుద్ధం అయ్యాక గోదాములు మళ్ళీ నిండాయి. 1954లో పీఎల్ 480 చట్టం చేసి గోధుమల్ని ఓడలకెత్తారు. అరవైల్లో కరువొచ్చినప్పుడు మన దేశంలో రేషన్ మీద పంచిన అమెరికా గోధుమలు అవే. మన పెద్దలు తిన్న గోధుమకూ ఇక్కడి పేదల స్టాంపుకూ గాదె ఒక్కటే.

కెనెడీ 1960లో ఎన్నికల ప్రచారానికి వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో తిరిగి అక్కడి లేమిని కళ్ళారా చూశాడు. గెలిచాక 1961 మే 29న అక్కడి మెక్‌డోవెల్ కౌంటీలోనే స్టాంపుల్ని మళ్ళీ మొదలుపెట్టించాడు. ఆల్డర్సన్ మన్సీ దంపతుల ఇంట్లో పదిహేనుమంది. వాళ్ళకు 95 డాలర్ల స్టాంపులు. గనుల్లోకి యంత్రాలొచ్చి చేతిపని పోయిన ఊళ్ళవి. మా తాండూరులో నాపరాతి గని మూతబడితే ఇల్లు ఎట్లుంటుందో ఎరిగినవాళ్ళకు ఆ కౌంటీని వర్ణించనక్కర్లేదు. 1964లో అధ్యక్షుడు జాన్సన్ దీన్ని శాశ్వత చట్టం చేశాడు.

అయితే ఆ చట్టంలోనూ పాత నారింజ షరతు ఉండిపోయింది. ముందు డబ్బు కట్టాలి, అప్పుడే అంతకంటే ఎక్కువ విలువైన స్టాంపులు. కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. కానీ మిసిసిపీలో పత్తి చేలల్లో బతికే నల్లజాతి కుటుంబాలు నెలల తరబడి నోటు ముఖం చూసేవి కావు. అంతకుముందు ఉచితంగా పిండి, వెన్న పంచిన కౌంటీలు స్టాంపులకు మారగానే అందరికంటే పేదలే పథకంలోంచి జారిపోయారు. ‘సంస్కరణ’ వచ్చింది, తిండి పోయింది. 1967లో కెనెడీ తమ్ముడు, సెనేటర్ రాబర్ట్ కెనెడీ అక్కడికెళ్ళి, తినడానికేమీ లేని పిల్లల్ని చూశాకగానీ రాజధానికి ఈ సంగతి ఎక్కలేదు.

ఇది మనకు తెలియని బాధ కాదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు పేద ఇళ్ళల్లో అన్నం మెతుకు రోజూ కనబడింది. అంత చవకలోనూ నెల కోటా మొత్తానికి డబ్బు ఒక్కసారే కావాలి. ఇరవై కిలోలకు నలభై రూపాయలు. వారం కూలి సంత నాడు వస్తుంది, డీలరు తన వీలు చూసుకుని దుకాణం తెరుస్తాడు. రెండూ కలవని నెల ఆ బియ్యం ఎటు పోయేదో ఊరందరికీ తెలుసు.

అమెరికాలో ఈ ముడి విప్పింది 1977 చట్టం. దాని వెనక ఇద్దరు సెనేటర్లు: డెమొక్రాట్ జార్జ్ మెక్‌గవర్న్, రిపబ్లికన్ బాబ్ డోల్. అధ్యక్షుడు కెనెడీ హయాంలో విదేశాలకు ఆహార సాయం పంపే కార్యక్రమాన్ని నడిపినవాడే ఈ మెక్‌గవర్న్. డోల్‌ది గోధుమల రాష్ట్రం కాన్సాస్. ముందస్తు డబ్బు షరతు 1979 జనవరి 1న పోయింది. ఆ ఒక్క నెలలోనే 15 లక్షల మంది కొత్తగా చేరారు. వాళ్ళలో చాలామంది అంతకుముందూ అర్హులే.

ఇక్కడ ఎవర్నడిగినా ఈ సంస్కరణ గుర్తుండదు, గుర్తున్నదల్లా 1996. క్లింటన్ సంతకం చేసిన చట్టం పిల్లల్లేని, యాభై ఏళ్ళలోపు మనిషికి వారానికి ఇరవై గంటల పని చూపకపోతే మూడేళ్ళలో మూడు నెలలే స్టాంపులంది. చట్టబద్ధంగా వచ్చిన వలసదారుల్లో చాలామందినీ తీసేసింది. 2002లో గ్రీన్‌కార్డు పెద్దలకు ఐదేళ్ళ తర్వాత అర్హత తిరిగొచ్చింది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకు అసలే లేదు. మనవాళ్ళ కిరాణా కొట్ల తలుపుల మీద సాయం కార్డు చెల్లుతుందనే స్టిక్కరు కనిపిస్తూనే ఉంటుంది. కొడుకు పరువు పోతుందని, అర్హత ఉన్నా ఆ ఊసెత్తని ముసలివాళ్ళు మనలో ఉన్నారు.

కాగితం స్టాంపులు 2004కల్లా ప్లాస్టిక్ కార్డులయ్యాయి, 2008లో పథకం పేరు స్నాప్ అయింది. కార్డుతో సారాయి కొనకూడదు, సరే. వేడి కోడి కొనకూడదు, అదే కోడి చల్లారాక కొనొచ్చు. ఇదేం తర్కమని నన్నడక్కండి.

2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం పని షరతును అరవై నాలుగేళ్ళ వయసుదాకా లాగింది. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలున్న తల్లిదండ్రుల్నీ అందులో చేర్చింది. ముందు ముందు, లెక్కల్లో తప్పులు ఎక్కువున్న రాష్ట్రాలు ఖర్చులో వాటా భరించాలి. అంటే గుమాస్తా ఇంకో కాగితం అడుగుతాడు. నెలకు ఎనభై గంటలు పని చేస్తూ కూడా ఆ రుజువు సమయానికి అందించలేని మనిషి పడిపోయేది అక్కడే. ఆ అక్టోబరులో ప్రభుత్వం స్తంభించి (షట్‌డౌన్), దాదాపు 4.2 కోట్ల మంది ఆధారపడ్డ ఈ సాయం నవంబరులో, శాశ్వత చట్టం అయ్యాక మొదటిసారి ఆగింది. ధనిక దేశంలో ఉచిత తిండి కేంద్రాల ముందు కార్ల వరసలు టీవీలో మీరూ చూసే ఉంటారు.

మన దగ్గర డబ్బు గడప దాటేశాం. 2015లో తెలంగాణ మనిషికి ఆరు కిలోలు చేసి కుటుంబ పరిమితి ఎత్తేసింది, 2023 నుంచి బియ్యం ఉచితం, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం. ఇప్పుడున్న గడప వేలిముద్ర. ఏళ్ళ తరబడి బండలు మోసి అరిగిన వేళ్ళను యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. కంటిపాప చూసే ఏర్పాటు ఉన్నా, సిగ్నల్ రావాలిగా.

సన్నబియ్యంలో నాకు నచ్చింది ఇంకొకటుంది. సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చి, ఆ బియ్యాన్నే కార్డుకు పెట్టారు. పండించేవాణ్ణీ తినేవాణ్ణీ ఒకే లెక్కలో చూశారు. మరి మన కందిని? తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిల్లులు ఊళ్ళోనే ఉన్నాయి. 2013లో ‘అమ్మహస్తం’ పథకం రేషన్ సంచీలో కందిపప్పు ఉండేది, తర్వాత అదీ పోయింది. జొన్నరొట్టె, పప్పు తిన్న ప్రాంతానికి కార్డు మీద మిగిలింది దాదాపుగా బియ్యమే.

కందిపప్పు ఖరీదైంది, ఖజానాకు బరువే. అందుకని రాష్ట్రమంతా అడగడం లేదు. వికారాబాద్, తాండూరు యార్డుల్లో మద్దతు ధరకు కొని, అక్కడే పప్పు చేయించి, ముందు మన వికారాబాద్ జిల్లా కార్డులకు నెలకు కిలో ఇస్తే ఎంతవుతుందో వ్యవసాయ, పౌర సరఫరాల శాఖలవాళ్ళిద్దరూ కూర్చుని లెక్క వేయొచ్చు. కొత్త కంది సంక్రాంతి నాటికి యార్డుకు వస్తుంది, ఆలోపే వేస్తే మంచిది.